మన భూమి, కచేరీ మాట



ఆంధ్రలో ఏ మండల ఆఫీసు ఎదురుగానైనా ఒక టీకొట్టు ఉంటుంది. ఆ కొట్టు దగ్గర ఓ పూట నిలబడితే ఇలాంటి మాటలు చెవిన పడతాయి. "ఏం బావా, నీ పని అయిందా?" "ఎక్కడయిందిలే మామా! ట్వంటీటూ ఏలో పడిందంట. ఆరెస్సార్‌లో చుక్కలున్నాయంట. అడంగల్‌లో మా నాయన పేరే ఉంది, వన్‌బీ కూడా వస్తా ఉంది. మ్యుటేషను మాత్రం కాదంటున్నారు." "మరి లింకు డాక్యుమెంట్లు?" "అన్నీ ఉన్నాయి. ఈసీ కూడా తీయించా."

ఈ ఇద్దరూ బడి మొహం పెద్దగా చూడని మనుషులే కావచ్చు. అయినా ఆ నాలుగు ముక్కల్లోనే ఒక చట్టంలోని సెక్షను నంబరు ఉంది, తమిళం నుంచి వచ్చిన మాట ఉంది, తెల్లదొరల కాలం నాటి రిజిస్టరు పేరు ఉంది, రిజిస్ట్రేషను ఆఫీసు వాడే పొట్టి అక్షరాలున్నాయి. పక్కనే టీ తాగుతున్న పట్నం కుర్రాడు పెద్ద చదువులు చదివినవాడైనా అతనికి ఒక్క ముక్క బోధపడదు. ఒక పనిలో పుట్టిన మాట ఆ పని గడప దాటి మన సంభాషణలోకి ఎలా వస్తుంది, వచ్చాక మనుషుల మధ్య ఏం చేస్తుంది అన్నది ఈ రోజు మాట్లాడదామనుకుంటున్నాను. అన్ని వృత్తుల జోలికీ వెళ్లను. తెలుగువాడికి అన్నిటికంటే ఎక్కువ పట్టింపు ఉన్న భూమి సంగతే తీసుకుంటాను.

ఏ పనికైనా దాని మాటలు దానికుంటాయి. చేనేత ఇంట్లోకి వెళితే పడుగు, పేక, నాడె, అచ్చు, ఆసు, కండె అని వింటాం. మగ్గం గుంటలో కూర్చున్న మనిషి పక్కనున్నవాళ్లకు "ఇటు నుంచి అటు వెళ్లే ఆ చెక్క వస్తువు ఇలా ఇవ్వు" అని చెబుతూ కూర్చుంటే చీర దిగదు. "నాడె" అంటే చాలు. పని వేగంగా, తప్పు లేకుండా సాగడానికి మాట కావాలి, అందుకే అది పుడుతుంది. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఈ సంగతి బాగా ఎరిగి, జిల్లా జిల్లాకూ మనుషుల్ని పంపి రైతుల నోటి మాటలు సేకరింపజేశారు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వ్యవసాయ వృత్తిపదకోశాన్ని, 1971లో చేనేత పదకోశాన్ని అచ్చు వేసింది. ఒకే నాగలి భాగానికి ఒక్కో సీమలో ఒక్కో పేరు ఎలా ఉందో మొదటిదానిలో కనిపిస్తుంది. తెలుగులో ఇంతకంటే గౌరవంతో చేసిన పని ఇంకొకటి ఉందంటే నేను త్వరగా ఒప్పుకోను. పనిచేసే మనిషి మాటను పండితుడు కింద కూర్చుని రాసుకున్న సందర్భం అది.

దాచిపెట్టడానికి పుట్టిన మాటలూ ఉన్నాయి. పశువుల సంతలో దళారులు తువ్వాలు కప్పుకుని దాని కింద వేళ్లు పట్టుకుని బేరమాడతారు. ఏ వేలు ఎంత అన్నది ఆ ఇద్దరికే తెలుసు, ఎద్దు పక్కనే నిలబడ్డ యజమానికి ఎన్నోసార్లు తెలియదు. పనికోసం పుట్టిన మాటకీ దాపరికం కోసం పుట్టిన మాటకీ మధ్య గీత ఎప్పుడూ స్పష్టంగా ఉండదు. ఆఫీసులో గుమాస్తా పని సులువు కోసం వాడే పొట్టి మాట, కౌంటరు ఇవతల నిలబడ్డ రైతుకు తువ్వాలు కింద బేరంలాగే ఉంటుంది. గుమాస్తా దాచాలని అనుకోకపోయినా సరే.

ఇక భూమి మాటల పుట్టుక దగ్గరికి వద్దాం. గోల్కొండ కుతుబ్‌షాహీల ఏలుబడిలో పారసీలోనూ తెలుగులోనూ కలిపి రాసిన ఫర్మానాలు ఉన్నాయి. పైవాడి భాష ఒకటి, పన్ను కట్టేవాడి భాష ఇంకొకటి. ఆ రెంటి మధ్య రోజూ రాకపోకలు జరిగేవి శిస్తు లెక్కల్లోనే. అందుకే మన నోట్లో నలిగే పారసీ, అరబ్బీ మాటల్లో చాలా భాగం కవిత్వం దారినో మతం దారినో రాలేదు, పన్నుల దారిన వచ్చాయి. శిస్తు, కిస్తీ, జమ, ఖర్చు, బాకీ, వసూలు, దాఖలు, రద్దు, నకలు, జప్తు, తనఖా, దస్తావేజు, ఇనాము. అంతెందుకు, "రైతు" అన్న మాటే ఆ దారిన వచ్చింది. అరబ్బీలో దాని మూలానికి అర్థం పాలకుడి కింద ఉండే జనం అని. పొలం దున్నేవాడిని సర్కారు ఏ వైపు నుంచి చూసిందో ఆ పేరే మనవాడికి స్థిరపడింది. ఇప్పుడు ఆ మాట మన గుండెకు ఎంత దగ్గరిదంటే, దానికి పరాయి పుట్టుక ఉందని చెబితే నమ్మబుద్ధి కాదు.

కౌలు సంగతీ అంతే. అరబ్బీలో కౌల్ అంటే మాట, ఇచ్చిన మాట. ఇంత భూమికి ఇంత కడతాను అని ఒకరు, దున్నుకో అని ఇంకొకరు ఇచ్చుకున్న మాట కాబట్టి అది కౌలయింది. ఇవాళ కౌలు చేసేవాడి కష్టమంతా ఆ మాట కాగితం మీద లేకపోవడంలోనే ఉంది. ఆంధ్రలో 2011 చట్టంతో ఒక కార్డు, 2019 చట్టంతో సీసీఆర్‌సీ అనే ఇంకో కార్డు వచ్చాయి. కార్డు పేరు కౌలు రైతులందరి నోటా పలుకుతుంది, కార్డు మాత్రం అందరి చేతిలోనూ లేదు. 2019 చట్టం ప్రకారం భూమి యజమాని సంతకం పెట్టాలి, చాలాసార్లు ఆయన పెట్టడు. నోటిమాట మీద సాగే ఏర్పాటు నోటిమాట దగ్గరే ఆగిపోయింది.

తరవాత ఈస్టిండియా కంపెనీవాళ్లు వచ్చారు. 1765, 66ల్లో ఉత్తర సర్కారులు, 1800లో దత్తమండలాలు వాళ్ల చేతికి వచ్చాయి. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో మధ్యలో జమీందారు లేకుండా రైతు దగ్గరే శిస్తు తీసుకునే పద్ధతిని అక్కడ నిలబెట్టాడు. ఆ పద్ధతికి ప్రతి రైతు పేరూ, ప్రతి చెక్క కొలతా, ప్రతి ఏటి పంటా రాసిపెట్టాలి. రాతకోతలు ఒక్కసారిగా పెరిగాయి. విశేషమేమిటంటే, రాజ్యం ఇంగ్లీషువాళ్లదయినా వాళ్లు పాత మాటల్ని తీసెయ్యలేదు. తీసేస్తే ఊరి లెక్కలు రాసే కరణానికి అర్థం కాదు, కరణానికి అర్థం కాకపోతే శిస్తు రాదు. అందుకని తామే నేర్చుకున్నారు. కడపలో, రాజమండ్రిలో కొలువు చేసిన సి.పి. బ్రౌన్ 1852లో ఇలాంటి కచేరీ మాటల కోసం ప్రత్యేకంగా జిల్లా నిఘంటువు అచ్చు వేయించాడు. ఆ పైన మిశ్రభాషా నిఘంటువూ తెచ్చాడు. 1855లో లండన్‌లో విల్సన్ అనే సంస్కృత పండితుడు మన దేశంలోని పలు భాషల రెవెన్యూ, కోర్టు మాటలతో ఇంకా పెద్ద కోశం వెలువరించాడు. దొరగారికి మాట అర్థం కావడానికి నిఘంటువు మీద నిఘంటువు వచ్చింది. శిస్తు కట్టే మనిషి కోసం అలాంటి పుస్తకం ఎవరైనా వేసినట్టు నాకు తెలియదు. ఆ లోటు ఇప్పటికీ అలాగే ఉందని నాకు అనిపిస్తుంది.

రైతుకు నిఘంటువు కరణమే. ఫసలీ సంవత్సరం, జమాబంది, చిఠ్ఠా, అడంగల్ అన్నీ ఆయన నోటి నుంచే ఊరికి తెలిశాయి. ఫసల్ అంటే పంట. పన్ను పంట చేతికొచ్చే వేళకు సరిపోవాలని అక్బరు కాలంలో ఏర్పాటు చేసిన లెక్క అది. మన రెవెన్యూ లెక్కల్లో ఫసలీ జూలై 1న మొదలవుతుంది. అది మొదలైన మామూలు సంవత్సరంలోంచి 590 తీసేస్తే ఫసలీ వస్తుంది. 2025 జూలైలో మొదలైంది 1435వ ఫసలీ. కరణం మాటలు ఊరికి వచ్చాయి గానీ ఆయన రాత రాలేదు. గొలుసుకట్టు అని ఒక రాత ఉండేది. కలం ఎత్తకుండా అక్షరానికి అక్షరం ముడేసి రాసుకుపోయేవారు. ఆ కాగితం చేతికిస్తే బళ్లో అక్షరాలు దిద్దిన పిల్లవాడు కూడా చదవలేడు. 1984లో కరణం ఉద్యోగాలు పోయాయి. కరణాల పెత్తనం పోయినందుకు ఊళ్లు సంతోషించాయి, అందులో న్యాయం ఉంది. ఆ రాత చదవగలిగిన వాళ్లు మాత్రం క్రమంగా తగ్గిపోయారు. ఈనాటికీ భూమి తగాదాల్లో ఒక పాత కాగితం చదివించడానికి ముసలి కరణం గారి ఇల్లు వెతుక్కుంటూ వెళ్లేవాళ్లున్నారు.

కచేరీ మాటలు పొలం గట్టు మీదే ఆగలేదు. మనం వాటిని ఎక్కడెక్కడ వాడుతున్నామో గమనించండి. బస్సులో కిటికీ పక్క సీటు కోసం గొడవ వస్తే, "ఈ సీటు నీకేమన్నా పట్టా రాసిచ్చారా?" అంటాం. "వాడు నా కుర్చీ కబ్జా చేశాడు" అంటారు ఆఫీసులో. అప్పగింతల వేళ పిల్ల తల్లి "నా తాలూకు బంగారం ఇది" అంటుంది. తాలూకా, తాలూకు రెండూ ఒక మూలం నుంచి వచ్చినవే, సంబంధం అని దాని అర్థం. రెవెన్యూ ఏర్పాటుకు వాడిన బందోబస్తు ఇప్పుడు పోలీసులకు చెందింది. సర్కారు పని జరిగే కచేరీ, పాటల సభ కూడా అయింది. అరబ్బీలో ముద్దాయి అంటే దావా వేసినవాడు. మన కోర్టుల గుమ్మం దాటి వచ్చేసరికి నేరం మోపబడినవాడు అయ్యాడు. మాట తలకిందులైనా ఎవరికీ ఇబ్బంది లేదు, ఎందుకంటే అందరం ఒకే అర్థంలో వాడుతున్నాం.

వీటన్నిట్లో నాకు ఇష్టమైనది "షరా మామూలే" అన్న మాట. ప్రతి ఏడూ రోడ్డు వేస్తామంటారు, వాన రాగానే కొట్టుకుపోతుంది, షరా మామూలే అంటాం. షరా అంటే లెక్కల పుస్తకంలో వ్యాఖ్య రాసుకునే గడి. సర్వే నంబరు, విస్తీర్ణం, పంట, శిస్తు అన్నీ నింపుకుంటూ వచ్చి చివర షరా గడిలో ఏదైనా విశేషం ఉంటే రాయాలి. విశేషమేమీ లేకపోతే అక్కడ ఉండేది మామూలే. ఎన్ని వందల పేజీల్లో ఎంతమంది కరణాలు ఆ గడి ముందు కలం పట్టుకుని కూర్చుని ఉంటారో! ఆ గడి పేరు నేడు చాలామందికి తెలియదు, మాట మాత్రం పెళ్లిళ్లలోనూ రాజకీయాల్లోనూ తిరుగుతూనే ఉంది.

ఒక మాట విషయంలో మాత్రం నాకు బాధగా ఉంటుంది. పోరంబోకు. తమిళం వైపు నుంచి మద్రాసు రాజధాని రికార్డుల ద్వారా మనకు వచ్చింది. శిస్తు లెక్కకు బయట ఉన్న భూమి అని దాని భావం. చెరువు, కాలువ గట్టు, బండ్ల బాట, మందబయలు, శ్మశానం, ఇవన్నీ పోరంబోకే. ఎవరి సొంతమూ కానిది, ఊరందరూ వాడుకునేది. గొడ్డూగోదా బతికింది అక్కడే, వానాకాలం నీళ్లు నిలిచింది అక్కడే. సర్కారుకు పైసా రాని భూమి కాబట్టి రిజిస్టరులో దానికి విలువ లేదు. ఆ గడిలోంచి మాట జనం నోట పడి తిట్టయింది. పనీపాటా లేకుండా తిరిగేవాణ్ని పోరంబోకు అంటాం. ఊరుమ్మడి భూమిని తిట్టుగా మార్చుకున్నాక, దాన్ని ఆక్రమించినవాడిని అడిగే నోరు కూడా మెత్తబడింది. తమిళనాట 2017లో గాయకుడు టి.ఎం. కృష్ణ ఎన్నూరు ఉప్పుటేరు దగ్గర ఈ మాట మీదే ఒక పాట పాడి, దాన్ని మళ్లీ గౌరవంగా పలికించడానికి ప్రయత్నించారు. మన చెరువు శిఖాలు, వాగు పోరంబోకులు ప్లాట్లయిపోతున్న రోజుల్లో మనకూ ఆ ప్రయత్నం అవసరమే.

చెరువు శిఖం అన్నానుగా, చెరువు నీళ్లు నిలిచే నేల, అది తెలంగాణ మాట. భూమి మాటల్లో తెలుగువాళ్లది ఒక భాష కాదు, రెండు. నిజాం రాజ్యం ఒక పక్క, మద్రాసు రాజధాని ఇంకో పక్క. అక్కడ ఖుష్కీ, తరీ అంటే ఇక్కడ మెట్ట, మాగాణి. ఏ పొలంలో ఎవరు ఏం పండించారో ఏటా రాసే లెక్క అక్కడ పహాణీ, ఇక్కడ అడంగల్. తండ్రి పోయాక వారసుల పేరున భూమి మార్చడాన్ని అక్కడ విరాసత్ అంటారు. అక్కడ ఎకరానికి 40 గుంటలు, ఇక్కడ ఎకరానికి 100 సెంట్లు. గుంట అంటే 121 చదరపు గజాలు, సెంటు 48 గజాల పైచిల్లర. ఖమ్మం పిల్లను నందిగామ అబ్బాయికి ఇచ్చే సంబంధంలో, "మా అమ్మాయికి పది గుంటలు రాస్తున్నాం బావగారూ" అంటే అవతలివాళ్లు ఒక్క నిమిషం ఆగి, అది 25 సెంట్లని లెక్క వేసుకోవాలి. పది నిమిషాల్లో తేలిపోతుంది. సంభాషణలో ఉన్న ఇద్దరూ సమానంగా ఉన్నప్పుడు తెలియని మాట వల్ల ఏ నష్టమూ రాదు. అడగడానికి సిగ్గుండదు, చెప్పడానికి విసుగుండదు.

తెలంగాణ పల్లెల్లో "కాస్రాలో పేరుందా?" అన్న ప్రశ్నకున్న బరువు చూడండి. హైదరాబాదు సంస్థానం 1948లో భారతదేశంలో కలిసింది, మరుసటేడు జాగీర్లు రద్దయ్యాయి, 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. ఆ తరవాత 1954–55లో ఏ చెక్క ఎవరి పట్టాలో ఉంది, ఎవరి సాగులో ఉంది అని రాసినదే ఖాస్రా పహాణీ. తెలంగాణ భూముల హక్కులకు అది మూలం. అందుకని ఊళ్లో పెద్దమనిషి తగవు తీరుస్తూ, "కాస్రాల మీ తాత పేరుంటే మాట్లాడు బిడ్డా, లేకుంటె ఊకో" అనగలడు. ఆ మాట వెనక ఉన్న చట్టం ఆయనకు తెలిసినా తెలియకపోయినా, ఆ పేరెందుకు ముఖ్యమో తెలుసు. సాదా బైనామా కూడా ఇలాగే జనానికి సొంతమైన మాట. రిజిస్ట్రేషను లేకుండా తెల్ల కాగితం మీద రాసుకున్న అమ్మకం. స్టాంపు రుసుము కట్టే స్తోమతు లేని చిన్నరైతులు నమ్మకం మీద కొనుక్కున్న ఎకరం, రెండెకరాలు దాని వెనక ఉన్నాయి. పరాయి మాటే అయినా దాన్ని వాడే మనిషి బతుకు దానిలో ఉంది కాబట్టి అది బరువనిపించదు.

ఇక మొదట వినిపించిన చుక్కల సంగతి చెబుతాను. బ్రిటిష్ కాలంలో ఆంధ్ర ప్రాంతంలో భూములు మళ్లీ కొలిచి, రీసెటిల్‌మెంటు రిజిస్టరు రాశారు. దాన్నే ఆరెస్సార్ అంటున్నారు. పెద్ద పుస్తకం, అడ్డంగా గడులు. సర్వే నంబరు, సర్కారుదా రైతుదా, మెట్టా మాగాణా, విస్తీర్ణం, శిస్తు, చివరకు పట్టాదారు పేరు. పేరు తేలనిచోట రాసేవాళ్లు ఆ గడిలో పేరు బదులు చుక్కలు పెట్టి ముందుకెళ్లారు. ఆనాటికి అది రాసేవాడి పని సులువు. తరాలు గడిచాయి, భూమి చేతులు మారింది, శిస్తులు కట్టారు, బోర్లు వేశారు. రికార్డు సరిచూసే రోజు వచ్చేసరికి, పేరు లేదు కాబట్టి అది ప్రభుత్వ భూమేమో అన్న అనుమానం లేచింది. రిజిస్ట్రేషన్లు ఆగిపోయాయి. ఆడపిల్ల పెళ్లికి అరెకరం అమ్ముకుందామన్నా కుదరని పరిస్థితి. చివరకు 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ చుక్కల కోసమే ఒక చట్టం చేయాల్సి వచ్చింది. ఆ భూములకు "చుక్కల భూములు" అన్న పేరు జనం నోట నిలిచింది. ఆ పేరులో ఏ మరుగూ లేదు. విన్న ప్రతివాడూ, ఏం చుక్కలు, ఎక్కడి చుక్కలు అని అడుగుతాడు. చెబితే బోధపడుతుంది. మంచి వృత్తిమాట ఇలా ఉండాలి.

దాని పక్కన ట్వంటీటూ ఏ అన్నదాన్ని పెట్టి చూడండి. రిజిస్ట్రేషను చట్టంలో 22-ఏ అనే సెక్షను, రిజిస్టరు చేయకూడని ఆస్తుల జాబితా గురించి చెబుతుంది. ఆ సెక్షనులో అయిదు భాగాలున్నాయి. అసైన్డ్ భూముల వంటి, చట్టమే అమ్మకూడదన్నవి ఒకటి. ప్రభుత్వ భూములు ఒకటి. దేవాదాయ, వక్ఫ్ భూములు ఒకటి. సీలింగులో మిగులుగా తేలినవి ఒకటి. ప్రభుత్వానికి వేరే ఏదైనా సంబంధం ఉందని నోటిఫై చేసినవి ఇంకొకటి. ఈ అయిదింటికీ బయటపడే దారి వేరు వేరు, వెళ్లాల్సిన ఆఫీసు కూడా వేరు కావచ్చు. దేవుడి మాన్యమని పొరపాటున పడితే ఒక దారి, అసైన్డ్ అని పడితే వేరే దారి. "నీది ట్వంటీటూ ఏలో ఉంది పో" అని కౌంటరు దగ్గర చెప్పిన మాటలో ఈ అయిదింటిలో ఏది అన్న సంగతి లేదు. రైతు ఆ మాటనే మోసుకుని ఊరికి వెళతాడు. ఇంట్లో చెబుతాడు, అరుగు మీద చెబుతాడు. అందరికీ ఆ మాట వచ్చు, ఎవరికీ దాని సంగతి తెలియదు. మాట చలామణీలో ఉన్నంత మాత్రాన అర్థం కూడా చలామణీలో ఉందనుకోవడం పెద్ద పొరపాటు.

తెలంగాణలోనూ ఇదే జరిగింది. 2017లో భూ రికార్డుల ప్రక్షాళన చేసినప్పుడు తగాదా ఉన్న భూముల్ని పార్ట్-బీ అని విడిగా పెట్టారు. "మాది పార్టు బీల వడ్డది" అన్న మాట ఊరూరా వినబడింది. 2020లో ధరణి అనే భూ రికార్డుల వెబ్‌సైటు వచ్చాక తప్పులు దిద్దించుకోడానికి టీఎం-33 అని ఒక అంకె వచ్చింది. అది కంప్యూటరులో ఒక దరఖాస్తు పేజీకి పెట్టుకున్న గుర్తు, అంతే. అరవై ఏళ్ల మనిషి మీసేవ దగ్గర నిలబడి, "టీఎం ముప్పైమూడు కింద పెట్టిన సారూ, ఇంక రాలె" అని చెప్పుకోవాల్సిన పరిస్థితి. ధరణి స్థానంలో 2025లో భూభారతి చట్టం వచ్చింది. కొత్త పేర్లు నేర్చుకోవడం మళ్లీ మొదలు. పహాణీకి, ఖాస్రాకు కనీసం రెండు తరాలు టైము దొరికింది. ఇప్పుడు ఒక మాట నోటికి అలవాటు పడేలోపే ఇంకో మాట వచ్చి పడుతోంది. అది కూడా మాట కాదు, అంకె. అంకెను విడదీసి చూసినా లోపల ఏమీ దొరకదు. సాదా బైనామాలో "సాదా" అన్న ముక్క అయినా మనకు తెలుసు. ముప్పైమూడులో ఏముంది పట్టుకోడానికి?

ఇలాంటి చోటే దళారీ పుడతాడు. అతను అమ్మేది ఎక్కువ భాగం అర్థమే. ఏ గడిలో ఏముందో, ఆ గడిని ఏమంటారో, ఎవరిని ఏ మాట వాడి అడగాలో అతనికి తెలుసు. ఆఫీసులో ఉచితంగా చెప్పాల్సిన రెండు వాక్యాలకు అతను డబ్బు తీసుకుంటాడు.

దీనికి మందుగా కొందరు ఈ మాటలన్నీ తీసేసి అచ్చ తెలుగో సంస్కృతమో పెట్టాలంటారు. 1966లో అధికార భాషా చట్టం వచ్చింది, పదకోశాలు తయారయ్యాయి. ఆ శ్రమను నేను తక్కువ చేయను. కానీ బదలాయింపు, నమోదు, నకలు లాంటి పరాయి పుట్టుక మాటలే ఆఫీసులోనూ ఇంట్లోనూ చక్కగా కుదురుకున్నాయి. పహాణీ తీసేసి ఆరక్షరాల సమాసం పెడితే, రైతు రెండోసారి ఓనమాలు దిద్దుకోవాలి. ఏ భాషలోంచి వచ్చిందన్నది నాకంత ముఖ్యం కాదు. రైతు అన్న మాటను మనం ఎక్కణ్నుంచో తెచ్చుకుని సొంతం చేసుకోలేదా? రెవెన్యూ ఉద్యోగులు తమలో తాము ఆరెస్సార్, సేత్వార్, ఎఫ్ఎంబీ అనుకుంటే తప్పేమీ లేదు. ఆ మాటలు లేకుండా వాళ్ల పని ఒక్క రోజు సాగదు. అదే మాట కౌంటరు దాటి అవతలి మనిషికి వెళ్లేటప్పుడు దాని వెంట ఇంకో వాక్యం వెళ్లాలి. నేను అడిగేది అంతవరకే.

ఆ వాక్యం ఎంత ఉండాలో చూపించడానికి ఒక ఉదాహరణ చెప్పి ముగిస్తాను. దరఖాస్తు తిరస్కరించినప్పుడు ఇచ్చే కాగితం మామూలుగా ఇలా ఉంటుంది. "తమరు సమర్పించిన దరఖాస్తు పరిశీలించగా, సదరు సర్వే నంబరు భూమి ఆర్.ఎస్.ఆర్. నందు చుక్కలుగా నమోదై, నిషేధిత జాబితా 22-ఏ నందు ఉన్నందున, తమ దరఖాస్తు తిరస్కరించడమైనదని ఇందుమూలముగా తెలియజేయడమైనది."

దీన్ని ఇలా రాయవచ్చు. "మీ సర్వే నంబరుకు పాత సర్కారు రిజిస్టరులో, యజమాని పేరు రాయాల్సిన గడిలో పేరు బదులు చుక్కలున్నాయి. అందువల్ల ఈ భూమి రిజిస్ట్రేషను చేయకూడని జాబితాలో ఉంది. ఈ దరఖాస్తు మీద మీ పేరు ఎక్కించలేము. చుక్కల భూముల చట్టం కింద విడిగా దరఖాస్తు పెట్టుకోండి. భూమి మీ సాగులో చాలా ఏళ్లుగా ఉందని చూపే కాగితాలు, అంటే శిస్తు రసీదులు, పాత అడంగల్ నకళ్లు, రిజిస్టరు దస్తావేజులు, దానికి జతచేయండి. దాని మీద నిర్ణయం జిల్లా స్థాయి కమిటీ తీసుకుంటుంది."

మొదటి కాగితం అందుకున్న మనిషి దాన్ని చదివించుకోడానికి ఎవరి దగ్గరికో వెళ్లాలి. రెండోది అందుకున్న మనిషి ఇంటికి వెళ్లి, ట్రంకుపెట్టె తెరిచి, నాన్నగారు కట్టిన శిస్తు రసీదుల కోసం వెతకడం మొదలుపెడతాడు.